గెర్రిట్ గారి కంప్యూటర్ ఆపివేసిన రోజు

1994 సెప్టెంబరు 12వ తేదీ, సోమవారం నాడు శ్రీ గెర్రిట్ ఓస్టర్‌హౌస్ గారు గ్రాండ్ రాపిడ్స్‌లోని మన కార్యాలయంలో ప్రోగ్రామరుగా బాధ్యతలు స్వీకరించారు. తమకు అప్పగించిన పనేమిటో తొలినాళ్లలో వారికి అర్థం కాలేదు. అప్పగించినవారికైనా పూర్తిగా తెలుసునని చెప్పడానికి ఆధారాలు లేవు.

ఆ కాలంలో కొత్త సర్వీసు తలపెట్టిన ప్రతి బృందమూ లాగిన్ తనిఖీ, సమాచార భద్రత, పొరపాట్ల నుంచి కోలుకునే ఏర్పాటు వంటివన్నీ మళ్లీ మొదటినుంచి రాసుకునేది. ఈ వృథా ప్రయాసను చూసి విస్తుపోయిన గెర్రిట్ గారు, కావలసినదేమిటో క్లుప్తంగా చెబితే చాలు, ఆ పొరలన్నిటినీ సక్రమంగా పేర్చి సిద్ధమైన ప్రోగ్రామును అందించే కంపైలర్‌కు శ్రీకారం చుట్టారు. ఏ సర్వీసు అయినా ఒకే ఒక్కరి కంప్యూటర్‌పై ఆధారపడితే దానిని నిర్దాక్షిణ్యంగా తిరస్కరించే నియమం కూడా వారు పెట్టినదే.

ఇదంతా వారి సతీమణి శ్రీమతి మార్లిస్ గారికి వివరించడం మాత్రం కంపైలర్ కట్టడం కన్నా కష్టమైంది. "చర్చి విందుకు అందరూ తలో వంటకంతోపాటు పొయ్యి కూడా మోసుకొస్తే ఎట్లా ఉంటుంది? ఆ పొయ్యేదో నేను కట్టి పెడతానన్నమాట" అన్నారట గెర్రిట్ గారు. "అయితే ఇన్నేళ్ల నుంచీ ఒక్క పొయ్యే కడుతున్నావా?" అని ఆవిడ అడిగారట.

పదవీ విరమణ సమీపించిన ఈ వసంతంలో, బల్ల ఖాళీ చేద్దామని గెర్రిట్ గారు తమ పాత కంప్యూటర్‌ను ఆపివేశారు. మరుక్షణం కార్యాలయమంతటా పని నిలిచిపోయింది. కొత్త కంపైలర్‌ను పాత కంపైలర్, దానిని అంతకన్నా పాతది నిర్మిస్తూ వచ్చిన ఆ వరుసకు మూలమైన మొట్టమొదటిది, వారి బల్ల కింది యంత్రంలోనే ఇంకా ఉంది. అన్ని సర్వీసులనూ తనిఖీ చేసిన కంపైలర్ చేత దానినే తనిఖీ చేయించాలని ఎవరికీ తోచలేదు, గెర్రిట్ గారికి అసలే తోచలేదు.

గెర్రిట్ గారు యంత్రాన్ని తిరిగి ఆన్ చేశారు. పదవీ విరమణ తర్వాత కూడా రోజూ తామే వచ్చి కంప్యూటర్ ఆన్ చేసి వెళతామన్నారు. వారి బాధ్యతలు స్వీకరించబోతున్న నదీన్ కోవాల్‌స్కీ గారు ఒప్పుకోలేదు.

"మీరొస్తున్నంత కాలం ఇది బాగుపడదు గెర్రిట్. మాకొదిలెయ్యండి. అడిగితేనే చెప్పండి."

మధ్యాహ్న భోజనవేళ మనం ఇద్దరిద్దరం జోడీలుగా ఆడుకునే యూకర్ పేకాటలో జోడీకి సైగ చేయడం కూడా నేరమే. ఆ నియమాన్నే నదీన్ గారు వారికి విధించారు. తమ సొంత కంపైలర్‌ను ఇతరులు పునాది నుంచి తిరిగి నిర్మిస్తుంటే, వారు చేతులు కట్టుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చున్నారు. ఒకసారి దగ్గు వచ్చినట్లు నటించి దారి చూపబోయారు. నదీన్ గారు గుర్తుపట్టేశారు.

మొన్న గురువారం ఆ పాత యంత్రాన్ని మళ్లీ ఆపివేశారు. కంపైలర్ తనను తాను నిర్మించుకుంది. ఏ పనీ ఆగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. గెర్రిట్ గారు మాత్రం వంగి, కంప్యూటర్ మీద చెయ్యి వేసి చూశారు. అది చల్లగా ఉంది. సంతోషించాలో దుఃఖించాలో తెలియక, ఆ రెండూ ఒకేసారి ముంచుకొచ్చి, అక్కడే నిలబడిపోయారు.

"ఇంతకీ నన్నెవరూ ఏమీ అడగలేదే" అన్నారు కాసేపటికి.

నదీన్ గారు కళ్లు తుడుచుకున్నారు. "ఇప్పుడు అడుగుతున్నాం. సోమవారం మధ్యాహ్నం పేకాటకి నాలుగో మనిషి లేడు. వస్తారా?"

వారు తల ఊపారు. ఏదో అనబోయి, నియమం గుర్తొచ్చినట్లు మానుకున్నారు.

శ్రీ గెర్రిట్ ఓస్టర్‌హౌస్ గారు మార్లిస్ గారి సాహచర్యంలో నిండు ఆరోగ్యంతో, ప్రశాంత చిత్తంతో చిరకాలం వర్ధిల్లాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము. మన పనికి వారి అవసరం ఇక ఎన్నడూ రాకూడదు, వారి కుర్చీ మాత్రం ప్రతి సోమవారమూ ఎదురుచూస్తుంది.