ఎక్స్‌ప్రెస్ గారి నడక

అయినా పారిపోయేవాడు వెనక్కి తిరిగి ఎందుకు చూస్తాడు, చూస్తే వేగం తగ్గుతుందే తప్ప పెరగదు కదా అన్న ఆలోచన పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూలై నాలుగో తేదీన ఒక కొత్త కానిస్టేబుల్ బుర్రలో మొదటిసారి మెదిలింది. అప్పుడాయన కొత్త బూట్లు మడమలు కొరుకుతుండగా ఒక జేబుదొంగ వెంటపడి మార్కెట్ వీధిలో పరిగెత్తుతున్నారు. ఉద్యోగంలో చేరి పూటైనా కాలేదు. సంతకం తడి ఆరకముందే వీధిలో కేక వినబడటం, స్టేషన్ రైటర్ తలెత్తేలోగా ఈయన గుమ్మం దాటిపోవడం జరిగాయి. ఆ ఆలోచన అడ్డం వచ్చిందో ఏమో, ముందున్నవాడు ఆగిపోయిన సంగతి ఆయన గమనించలేదు. దొంగ ఊపిరాడక ఒక గొడుగుల దుకాణం ముందు చతికిలబడ్డాడు. ఈయన అదే ఊపులో వాణ్ణి దాటేసి, వీధి దాటేసి, వంతెన దాకా పోయారు. దుకాణదారు దొంగను చొక్కా పట్టుకుని స్టేషన్‌లో అప్పగించే వేళకు మన కానిస్టేబుల్ గారు ఇంకా పరుగులోనే ఉన్నారు.

చిన్న స్టేషన్లలో ఆగని బండి మనకొకటి దొరికిందని రైటర్ గారు ఆ పూటే నామకరణం చేశారు. ఈ నెలాఖరున సహాయ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేస్తున్న మన ఎక్స్‌ప్రెస్ గారికి ఆ పేరు అలా వచ్చింది. ఎగతాళికి పెట్టిన పేరును గౌరవంగా మార్చుకోవడానికి ఆయనకు రెండేళ్ళు కూడా పట్టలేదు.

తొలి దశాబ్దంలో ఆయన ఊరిని కాళ్ళతో చదువుకున్నారు. ఏ సందులో కుక్కలుంటాయి, ఏ గోడ మీద గాజు పెంకులుంటాయి, ఏ మురుగు కాలువ మీద పలక కదులుతుంది అన్నవి ఆయన అరికాళ్ళకు తెలుసు. మన స్టేషన్‌లో ఇప్పుడు అందరూ పాటిస్తున్న టోపీ పద్ధతి కూడా ఆయన చలవే. తరుముతూ మలుపు తిరగవలసి వచ్చినప్పుడు ఆ మలుపులో ఉన్న దుకాణం బల్ల మీద టోపీ పడేసి పోవడం, వెనక వచ్చేవాళ్ళు దాన్ని చూసి దారి పట్టడం. దుకాణదారులు టోపీ దులిపి, భద్రంగా ఉంచి, సాయంత్రం పంపించేవారు. ఒక దర్జీ అయితే చిరిగిన అంచు కుట్టి మరీ పంపాడు.

ఇంట్లో మాత్రం ఆయన కీర్తికి అంత విలువ దక్కలేదు. ఆయన సతీమణి వృత్తిరీత్యా నర్సు. ఊళ్ళో దొంగలకోసం ఎక్స్‌ప్రెస్, ఇంటికి మాత్రం ప్రతి చెట్టు దగ్గరా ఆగే ప్యాసింజర్ అని ఆమె బంధువుల ముందే అనేవారు. ఆయన నవ్వేసి ఊరుకునేవారు. నిజానికి ఆయన నెమ్మదిగా నడిచేది ఒక్క ఇంటిదారిలోనే. ఆ దారిలో ఆ రోజు పారిపోయినవాడి మనసులో దూరి, ఫలానా మలుపులో వాడు ఎడమకే ఎందుకు తిరిగాడు, తెరిచి ఉన్న తలుపు వదిలి మూసిన తలుపు ఎందుకు తట్టాడు అని తనలో తాను తర్కించుకునేవారు. భయం మనిషి చేత చేయించే పనులు ఆయనకు ఎంత చూసినా తనివి తీరేవి కావు. మొదటి రోజు ప్రశ్నకు మాత్రం సమాధానం దొరకలేదు.

హెడ్ కానిస్టేబుల్ హోదా వచ్చాక పరిగెత్తే పని పడుచువాళ్ళకు వదిలేయవచ్చు. ఆయన వదల్లేదు. కేక వినబడగానే లేచేది కాళ్ళా, తానా అన్నది ఆయనకే తెలిసేది కాదు. పరిగెత్తని తాను ఎలా ఉంటారో ఊహించబోతే మనసు ఒక ఖాళీ గదిలోకి వెళ్ళి తిరిగొచ్చేది. అందువల్లనే కుడి మోకాలు మొరాయించడం మొదలుపెట్టినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సతీమణికి చెప్పనక్కరలేకపోయింది. ఆయన మెట్లెక్కే చప్పుడు విని ఆమే కనిపెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళోకి పాదరసం దిగాడు. పట్టపగలు ఒంటరి వృద్ధుల ఇళ్ళలో చొరబడే ఆ సన్నపాటి మనిషికి ఆ పేరు మనవాళ్ళే పెట్టారు. ఎక్స్‌ప్రెస్ గారి చేతికి అందినట్టే అంది రెండుసార్లు జారిపోయాడు. రెండోసారి తప్పించుకున్నాక ఇన్‌స్పెక్టర్ మేడమ్ ఆయన్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు.

"మీ మోకాలు సంగతి నాకు తెలుసండీ. ఇంకోసారి వాడు తప్పించుకుపోతే రికార్డు గదికి వెళ్ళిపోండి. మీ మంచికే చెబుతున్నా."

ఆవిడ మాటలో కాఠిన్యం లేదు. ఉంటే ఆయనకు కాస్త సులువయ్యేది. రికార్డు గది మంచి గదే, ఫ్యాను కూడా బాగా తిరుగుతుంది. అయితే అక్కడ కూర్చునే మనిషి ఎవరో ఆయనకు తెలియదు. ఆ అపరిచితుడిగా మిగలడమా, పాదరసాన్ని పట్టుకోవడమా అన్నంతవరకూ వచ్చింది వ్యవహారం.

కొద్ది వారాల తర్వాత ఒక ఉదయం గడియారాలు బాగుచేసే దుకాణంలోంచి పాదరసం బయటికి రావడం, ఎదురుగా మన ఎక్స్‌ప్రెస్ గారు కనబడటం ఏకకాలంలో జరిగాయి. వాడు లగెత్తాడు. ఈయన తరిమారు. బట్టల దుకాణాల సందు, అచ్చాఫీసు వెనక గోడ, ఆసుపత్రి ప్రహరీ అన్నీ అయ్యాయి. రైలు పట్టాల మీది కాలిబాట వంతెన దగ్గర పుస్తకాలు బైండు చేసే అతని బల్ల మీద టోపీ పడేసి మెట్లెక్కబోయారు. మూడో మెట్టు మీద మోకాలు పట్టేసింది.

కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. తరవాత కాలంలో ఆయన చెప్పినదాన్నిబట్టి, ఆ క్షణాన మనసులో రికార్డు గది ఫ్యాను తిరగడం స్పష్టంగా వినిపించిందట. తలెత్తి చూస్తే వంతెన పైన పాదరసం వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది. ఎంత భయపడాలో తేల్చుకోవడానికే పారిపోయేవాడు వెనక్కి చూస్తాడు. వెనక వినబడే అడుగుల చప్పుడే వాడి కాళ్ళకు బలం. ఆ బలం ఇన్నేళ్ళూ తానే సరఫరా చేస్తూ వచ్చారు.

ఆయన కమ్మీ వదిలి, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ నడవడం మొదలుపెట్టారు.

పాదరసం పరిగెత్తలేదు. పరిగెత్తనివాడి నుంచి పరిగెత్తడం వాడికి అలవాటు లేదు. వాడూ నడిచాడు. వంతెన మీద ఇద్దరూ నాలుగు బారల ఎడంతో, పెళ్ళికి ఆలస్యమైన వియ్యంకుల్లా నడిచారు.

"ఏంటి సార్, అలిసిపోయారా?"

"అలిసిపోయాన్రా. నువ్వు పరిగెత్తు, నాకోసం ఆగకు."

"మరి మీరు రారా?"

"వస్తా, మెల్లగా వస్తా. నాకింకేం పనుంది?"

వంతెన దిగారు. గిడ్డంగుల వీధిలోకి తిరిగారు. పాదరసం రెండుమూడుసార్లు అడుగు వేగం పెంచి చూశాడు. ఈయన పెంచలేదు, తగ్గించలేదు. కనుచూపు మేర ఎటూ మలుపు లేని వీధి అది.

"మోకాలా సార్?"

"నీకెందుకురా."

"మా నాన్నకీ ఇంతే. మెట్లు పక్కకి తిరిగి దిగాలి, మీరు తిన్నగా దిగారు."

ఆ సలహా సవ్యమైనదేనని ఆయన సతీమణి తరవాత ధ్రువీకరించారు. అప్పటికి మాత్రం ఎక్స్‌ప్రెస్ గారు ఒక్కటే అడిగారు, ఎక్కడిదాకా పోదామని. పాదరసం ఒకసారి వీధి చివరికేసి చూశాడు. ఇంకొంత దూరం నడిచి, ఒక గిడ్డంగి అరుగు మీద కూలబడి, తల పట్టుకున్నాడు.

"తరిమితే ఎటో ఒకవైపు ఉరుకుతాం సార్. ఇలా వెనక నడుస్తుంటే ఎక్కడికెళ్ళాలో తోచట్లేదు నాకు."

ఆయన కూడా వాడి పక్కనే కూర్చుని మణికట్టు పట్టుకున్నారు. పట్టుకోవడం సగం విధి నిర్వహణ, సగం ఆసరా. టోపీ ఆనవాలు పట్టి వచ్చిన మనవాళ్ళు నలుగురు వాళ్ళిద్దరి ముందునుంచే దూసుకుపోయారు. దొంగా పోలీసూ ఒకే అరుగు మీద సేదదీరుతుంటారని ఎవరనుకుంటారు? ఈయనే గట్టిగా పిలిచి వెనక్కి రప్పించవలసి వచ్చింది. మన స్టేషన్ చరిత్రలో అంతటి ఘనవిజయం అంత నింపాదిగా మరెన్నడూ దక్కలేదు.

సాయంత్రం మేడమ్ స్వయంగా ఆయన్ని ఇంటివద్ద దింపారు. రికార్డు గది మాట మళ్ళీ రాలేదు. మోకాలికి కట్టు కడుతూ సతీమణి, ఈ నడకేదో ముందే నేర్చుకుంటే నా కట్టు గుడ్డలు మిగిలేవి కదా అన్నారట. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆయన పట్టినవాళ్ళలో అధికభాగం నడిచి పట్టినవారే. సహాయ సబ్ ఇన్‌స్పెక్టర్ అయ్యాక కొత్తగా చేరినవాళ్ళకు పరుగుతోపాటు పరుగు ఆపడం కూడా నేర్పారు. అలా నేర్చుకున్నవాళ్ళు నేడు ఈ జిల్లాలో ప్రతి స్టేషన్‌లోనూ ఉన్నారు.

ఎక్స్‌ప్రెస్ గారు ఇకమీదట ఎవరినీ తరమకుండా, ఏ కేకా నిద్ర చెడగొట్టకుండా, సతీమణి పక్కన ఆమె అడుగుకు అడుగు కలిపి, సంపూర్ణారోగ్యంతో నూరేళ్ళు నడవాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఆ నడక ఎలా మొదలైందో మేము కళ్ళారా చూశాము.

గత వారం ఈ వీడ్కోలు సంచికకు ఫొటో తీయించుకోవడానికి అందరం హాల్లో కూర్చున్న సమయంలో వీధిలో కేక వినబడింది. కుర్చీలు పడిపోయాయి. అందరికంటే ముందు గుమ్మం చేరింది ఆయనే. ఒక్క రెక్కే తెరిచి ఉన్న ఆ ఇరుకు గుమ్మంలో ఆయన, ఆయన వెనక ఈ ఏడే చేరిన అమ్మాయి, ఆమె వెనక మిగతావాళ్ళు. ఆయన భుజాలు ముందుకు వంగాయి, మడమలు లేచాయి. వెనకనుంచి ఆ అమ్మాయి ఊపిరి వినబడుతోంది. తప్పుకోమని పెద్దాయనకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియడం లేదు. ఆయన ఒకసారి వీధి కేసి చూశారు. మడమలు నేలకు ఆన్చారు. చెయ్యి పైకెత్తి, మూసి ఉన్న రెండో రెక్క గడియ తీసి, తలుపు బార్లా తెరిచి, గోడవారగా జరిగి నిలబడ్డారు.