మూడో బెంచీ పాప, పద్నాలుగో లెక్క

రెండు వారాలన్నారు మేడమ్ మీరు. గుర్తుందా? లెక్కల టీచరమ్మ సెలవు మీద వెళ్లింది, రెండు వారాలు ఏడో తరగతిని కాస్త చూసుకోండి మాస్టారూ, పిల్లలు బెంచీలెక్కకుండా ఉంటే చాలు అన్నారు. ఇది రెండో ఏడు. ఆవిడ బిడ్డ నడక కూడా నేర్చేసిందట.

నేను ఆటల మాస్టారిని. బంతిలో గాలి ఎంత ఉందో చేత్తో నొక్కి చెప్తాను. అంతవరకే నాకు వచ్చిన లెక్క.

లేదండీ, కూర్చోను. కూర్చుంటే నాకు మాట రాదు. మీరు మాత్రం ఆ పెన్నుకి ఒక్క అయిదు నిమిషాలు మూత పెట్టండి. ఆ లిస్టు గురించే వచ్చాను.

అవును, నేనిచ్చిన లిస్టే. ఎవరు కాదన్నారు? లెక్కల్లో బేసిక్స్ రాని పిల్లలు తొమ్మిది మంది. మీరు సంతకం పెడితే రేపటి నుంచి లెక్కల పీరియడుకి కిందికి దిగి ఆరో తరగతి వాళ్ల పక్కన కూర్చోవాలి, ఏడాదంతా. ఎనిమిది మంది సంగతి సరే. మొదటి పేరు చూడండి. అది కొట్టేయాలి.

ఎవరంటే, మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటుంది చూడండి, రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోయి ఉంటుంది, ఆ పాప. ఇరవైకి మూడు వచ్చాయి, నిజమే. దిద్దింది నేనే. ఆ మూడు ఎలా వచ్చాయో చెప్తాను, వినండి.

రోజూ ఇరవై నిమిషాలు అభ్యాసం చేయించమన్నారు మీరు. ఎక్కాలు, భిన్నాలు, దశాంశాలు. సరే, అభ్యాసమంటే నాకు తెలియందా? స్టాప్‌వాచీ పట్టుకెళ్లాను. విజిల్ ఊదితే మొదలు, మళ్లీ ఊదితే ఆపు. పదిహేడో ఎక్కం నలభై సెకన్ల నుంచి పద్దెనిమిదికి దింపాను. మీరే వచ్చి చూసి, బాగుంది మాస్టారూ అన్నారు.

పిల్లలు పుస్తకం వెనక జవాబులు చూసి రాసేస్తున్నారని, ఈ ఏడు కొత్త పుస్తకాలొచ్చిన మొదటి రోజే నలభై రెండింట్లోనూ ఆ పేజీలు చింపించాను. ఒక సెట్టు నా అట్టకి క్లిప్పు పెట్టుకున్నాను. దాంట్లో చూసి దిద్దడం. మరి ఎలా దిద్దుతున్నాననుకున్నారు?

అలా బాగానే నడిచింది, భిన్నాల్లో పద్నాలుగో లెక్క వచ్చేదాకా.

లెక్క ఇదీ. ఒక తొట్టిలో ఆరింట అయిదు వంతుల నీళ్లున్నాయి. తొట్టికి ముప్పావు వంతు నీళ్లు వాడేశారు. ఇంకెంత మిగిలింది? నా అట్ట మీద సగం అని ఉంది. పిల్లలకి ఎవరికి తోచింది వాళ్లు రాశారు. బోర్డు మీద సగం అని రాశాను. అందరూ కొట్టేసుకుని సగం అని దిద్దుకున్నారు. నాకూ హాయి, వాళ్లకీ హాయి.

ఈ పాప మాత్రం పన్నెండింట ఒక వంతు అని రాసుకుని, అలాగే ఉంచుకుంది. దిద్దుకోవేం అన్నాను. లేచి నిలబడింది. ఏమందో తెలుసా? నిండు తొట్టిలోంచి ముప్పావు వాడితేనే పావు కదా సార్ మిగిలేది, ఈ తొట్టి నిండా కూడా లేదు, సగం ఎలా మిగులుతుంది అంది.

పెడసరంగా అనలేదు, అది ఒప్పుకోవాలి. నిజంగానే అడిగింది. కానీ నలభై ఒక్క మంది నా మొహం వంక చూస్తున్నారు. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టి రా అన్నాను. నా దగ్గర ఉన్న జవాబు అదే మరి.

పరిగెత్తి వచ్చింది. రొప్పుతూనే కూర్చుని మళ్లీ చేసింది. మళ్లీ పన్నెండింట ఒక వంతు. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. రోజూ పుస్తకం తెచ్చి చూపించడం, నేను ఇంటూ కొట్టడం, తను పరుగెత్తడం. కొట్టలేదు, తిట్టలేదు, ఆ మాట మీద మీరు ఎవర్నైనా అడగండి. పైగా వారం తిరక్కుండా పరుగు బాగుపడింది. స్కూలు టీములోకి తీసుకుందామని పేరు కూడా రాసుకున్నాను. అంతటి బుర్ర నాది.

అయిదో రోజు ఒకటి జరిగింది. మన గ్రౌండు చుట్టూ పన్నెండు జెండాలు పాతించాను కదా, సమానంగా. సున్నం గీత దగ్గర బయల్దేరితే పన్నెండో జెండాకి ఒక రౌండు. ఈ పాప పదో జెండా దాకా పరిగెత్తి ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. ఒక్కో జెండానీ ముట్టుకుంటూ నడుచుకుంటూ వచ్చి మొదటి జెండా దగ్గర నిలబడింది. నిలబడి నా వంక చూసింది. కాలు పట్టేసిందేమో అనుకున్నాను. విజిల్ ఊదాను. మళ్లీ మొదట్నుంచి పరిగెత్తింది.

ఆరో రోజు పుస్తకం తెచ్చింది. పైనంతా మామూలుగానే చేసింది. అన్నీ పన్నెండో వంతుల్లోకి మార్చింది, పదిలోంచి తొమ్మిది తీసేసింది. కింద మాత్రం, జవాబు సగం అని రాసింది.

రైటు కొట్టాను. పక్కన గుడ్ అని కూడా రాశాను మేడమ్, ఎర్ర ఇంకుతో.

ఆ రోజు నుంచి ఆ పాప లెక్క చేయడం మానేసింది. అల్లరేం లేదు. లెక్క ఇవ్వగానే బుద్ధిగా నా దగ్గరికి వచ్చి అడుగుతుంది, సార్, మీ కాగితంలో ఎంత ఉంది అని. ముందు నువ్వు చేసి చూపించు అంటే, చేశాక మళ్లీ కొట్టేయడమెందుకు సార్ అంటుంది. మొన్నటి పరీక్షలో నా అట్ట చూడనివ్వను కదా. పదిహేడు లెక్కలకి ఖాళీ వదిలేసింది. ఎక్కాలు మూడూ రాసింది. ఇరవైకి మూడు అలా వచ్చాయి.

ఇక ఇది చూడండి. పుస్తకం అచ్చేసిన వాళ్లు నిన్న పంపిన చీటీ. పద్నాలుగో లెక్కకి జవాబు సగం కాదు, పన్నెండింట ఒక వంతు అని చదువుకోగలరు అట. పన్నెండులో ఒకటి ఎగిరిపోయి రెండు మిగిలింది, అంతే సంగతి. చదువుకోగలరు అంటే సరిపోయిందా?

అదే, మీరన్నదే నేనూ అనుకున్నాను. తప్పు పుస్తకానిది, మాస్టారు ఏం చేస్తాడు పాపం అని. ఈ చీటీ మీ బల్ల మీద పెట్టి, ఆ మాటే చెప్పి వెళ్లిపోదామని వచ్చాను. మెట్లెక్కుతున్నంతసేపూ అదే వల్లె వేసుకున్నాను.

ఇందాక కాలు పట్టేసిందేమో అనుకున్నానన్నాను చూడండి, అది అబద్ధం.

ఆ జెండాలు కొలిచి పాతింది నేను. పదో జెండా అంటే ఎంత దూరమో, తొమ్మిది జెండాలంటే ఎంతో నాకు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ పాప మొదటి జెండా పట్టుకుని నా వంక చూసినప్పుడు నాకు లెక్క మొత్తం అర్థమైపోయింది మేడమ్. జన్మలో మొదటిసారి ఒక భిన్నం కళ్ల ముందు నిలబడింది. నాకు తెలిసిన భాషలో చెప్పింది ఆ పిల్ల, వీడికి కాగితం మీద అర్థం కాదని. అంత కష్టపడింది నాకోసం.

అర్థమయ్యే ఊదాను విజిల్. క్లాసుకి వెళ్లి నలభై రెండు మంది ముందు నాకు రాదని చెప్పాలి కదా. భయమేసింది. యాభై ఏళ్లు దాటినవాణ్ని, పన్నెండేళ్ల పిల్లకి భయపడ్డాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

ఇవాళ పొద్దున క్లాసులో చెప్పేశాను లెండి. అట్ట మీది కాగితాలు అందరి ముందూ చింపి బుట్టలో వేశాను. పద్నాలుగో లెక్క నీదే కరెక్టు పాపా, నాదే తప్పు అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. బుట్ట వంక చూసింది, నా వంక చూసింది. అయితే ఇప్పుడు ఎవర్ని అడగాలి సార్ అంది.

విజిల్ ఊదాను. బెల్లుకి ఇంకా పది నిమిషాలుంది.

అందుకే వచ్చాను. కిందికి పంపకండి ఆ పిల్లని. పంపితే, తనకి రాదన్నది ఖాయమైపోతుంది. నా దగ్గరే ఉండనివ్వండి. ఇద్దరం మొదట్నుంచి చేసుకుంటాం, జెండాల దగ్గరే. తనే జవాబు చెప్పేదాకా నేను చెప్పను. ఎలాగూ నాకు తెలియదు.

ఏంటీ, లిస్టు పైఆఫీసుకి లెక్క చెప్పేశారా? తొమ్మిది మంది అని? కొట్టివేతలు ఉండకూడదా?

సరే. అయితే కొట్టకండి. ఆ పాప పేరు ఎదురుగా కారణం అని ఒక గడి ఉంది చూడండి. లెక్కలు రావు అని నేనే రాశాను. దాని ముందు, మాస్టారికి అని ఒక్క మాట చేర్చండి చాలు. చోటు ఉంది, ఇందాకే చూశాను.