వాకిట్లో నాలుగు బోర్లు

అరుగెక్కకండి పున్నమ్మగారూ. అక్కడే ఉండండి, మెట్టు కింద. ఆఁ, అక్కడే.

ఎండగా ఉందా? మే నెల కదండీ మరి. గుంటూరు జిల్లాలో మిట్టమధ్యాహ్నం వస్తే వెన్నెల కాస్తుందా?

మీరెందుకొచ్చారో నాకు తెలుసు లెండి. మీ పాలేరు యలమందయ్య నిన్ననే చెవిన వేశాడు. మీ ఆయన చెంచయ్యగారికి గుండె ఆపరేషనయ్యాక వేడి అస్సలు పడటం లేదంట. మీరుండేది రేకుల గదంట. ఏసీ పెడితే ఆ వైరింగు తట్టుకోవట్లేదంట. చల్లగా ఉంచకపోతే కష్టమని డాక్టరు చెప్పేశాడంట. అందుకని ఈ ఇంట్లో, ఒకప్పటి ఆయన పడకగదిలోనే, వానలు పడేదాకా పడుకోనిస్తానేమోనని అడగటానికొచ్చారు. అవునా కాదా?

చూశారా. మీరు నోరు తెరవకుండానే చెప్పేశాను.

ఈ ఇల్లు నేను కొన్నప్పుడు మీరేమన్నారో కూడా తెలుసు. రెండేళ్లు పత్తికి గులాబీ పురుగు, మూడో ఏడు మిరపకి నల్ల తామర పురుగు. మీరు ఇల్లమ్ముకున్నారు, నేను కొన్నాను. "సువార్తమ్మ కూతురు మన మండువాలో కాపురం పెడుతుందంట" అని రచ్చబండ దాకా వినపడేలా అన్నారు. నేను విన్నాను. ఏమన్నా అన్నానా? అనలేదు.

ఆ తర్వాత వాకిట్లో బోర్లు వేయిస్తుంటే ఊరంతా నవ్వింది. నాలుగు బోర్లు, ఒక్కోటి నూటయాభై అడుగులు, చుక్క నీళ్లు తోడను! "జాస్మిన్‌కి మతి పోయింది" అన్నారు. ఎవరికని చెప్పను? ఆ బోర్లలో నల్ల పైపు కిందికి వెళ్లి, అడుగున మలుపు తిరిగి, మళ్లీ పైకొస్తుందండీ. దాంట్లో నీళ్లు తిరుగుతుంటాయి. ఇంట్లో వేడి మిషన్ లాగేస్తుంది, ఆ నీళ్లు దాన్ని మోసుకెళ్లి భూమిలో దింపి వస్తాయి. పైన నలభై ఆరు డిగ్రీలు మండనీ, అంత లోతున మట్టి ఏడాది పొడుగునా ఒక్కలాగే ఉంటుంది. కరెంటు కూడా మామూలు ఏసీ అంత తాగదు. పైకప్పు మీది సోలారు పలకలతోనే నడుస్తుంది.

నాకు తెలియని పనా? గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో ఇరవై రెండేళ్లు ప్లాంటు చూశాను. ఎవరి సరుకు చల్లబెట్టాననుకున్నారు? మీ మిరపకాయలే! ఏటా మీ టిక్కీలు, బస్తాలకి బస్తాలు, వచ్చేవి. రంగు పోకూడదు, ఘాటు తగ్గకూడదు. రాత్రింబవళ్లు మీటర్లు చూసేదాన్ని. కాయకి వేడి తగలకూడదు కదండీ. కాయ తొడిమ తీసే మనిషికి తగిలితే ఏం?

పాత ఇల్లు కదా, ఊరికే లొంగలేదు. రెండడుగుల సున్నపు గోడలు, కన్నం పెడితే పిడికెడు పిడికెడు రాలాయి. మొదటి నెల గోడలు చెమట పట్టాయి, సున్నం ఉబ్బి ఊడింది. ఇంకొకరైతే వదిలేసేవాళ్లు. నేను కిటికీల సందులన్నీ మూయించాను, తేమ లాగే పెట్టె ఇంకోటి పెట్టించాను, డాబా మీద తెల్ల పెంకు పరిపించాను. చెంచయ్యగారి గది గోడకి మొదటి కన్నం నేనే కొట్టాను. సుత్తి పట్టుకుని, నా చేత్తో. ఎంత హాయిగా ఉందో ఆ రోజు!

బోరు లారీ తెచ్చిన నజీర్ అడిగాడు, "మొదటిది ఎక్కడ వెయ్యమంటారక్కా?" అని. నేను చెప్పుతో గీత గీశాను.

ఎక్కడో చెప్పనా? మీరు నిలబడ్డ చోటికి రెండడుగులు ఎడంగా. ఆ సిమెంటు మూత ఉంది చూడండి. అక్కడ.

గుర్తు లేదా? నాకు గుర్తుందిగా.

పాతికేళ్లు దాటింది, అప్పుడు ఈ వాకిలంతా మిరపకాయలే. సాయంత్రం లారీ వస్తుందని తొడిమలు తీయిస్తున్నారు. మా అమ్మ లేచి, "అమ్మగారూ, కళ్లు తిరుగుతున్నాయమ్మా, కాసేపు అరుగు మీద కూర్చుంటాను" అంది. మీరు ఆయన వంక చూశారు. ఆయన మడత కుర్చీలోంచి లేవకుండానే, "ఆ కుప్ప కానీ. తర్వాత కూర్చుందువుగాని" అన్నాడు. మీరేమన్నారు? "అరుగు మీద వద్దు, ఆ గోడ నీడకి పో" అన్నారు. పన్నెండున్నరకి గోడకి నీడ ఎంతుంటుంది పున్నమ్మగారూ? జానెడు కూడా ఉండదు.

ఆ కుప్ప కాలేదు. మా అమ్మ దాని మీదే పడిపోయింది, ఆ మూత ఉన్న చోటే. చెంపకి మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. పొన్నూరు ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది.

ఏడవకండి. నేను అప్పుడే ఏడ్చేశాను, మీ వంతు కూడా.

నిజం చెప్పనా? నాకు ఈ మిషనుతో పని లేదు. ఒంటిదాన్ని, ఫ్యాను చాలు. ఎప్పుడో ఒకరోజు మీరు ఎండకి తట్టుకోలేక ఈ మెట్టు దగ్గరికి రావాలి, లోపలి చల్లగాలి మీ మొహానికి తగలాలి, నేను వద్దనాలి. ఆ ఒక్క మాట కోసం కట్టాను ఇదంతా. వచ్చారు. ఇప్పుడు చెప్తున్నాను, వినండి...

ఏంటీ? ఏమన్నారు?

మళ్లీ అనండి. ఆ రోజు నువ్వూ లోపలే ఉన్నావుగా అంటారా?

...అవును. ఉన్నాను. లోపలే ఉన్నాను.

మీరు మర్చిపోయారనుకున్నాను. ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మీ అమ్మాయి బిందుమాధవికి లెక్కలు చెప్తున్నాను, ముందుగదిలో, కొత్త కూలరు ముందు కూర్చుని. కిటికీలోంచి అంతా కనపడుతూనే ఉంది. అమ్మ అడగటం విన్నాను. మీరన్నదీ విన్నాను. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తే ఏమయ్యేది? తిట్టేవాళ్లు, అంతే కదా. పద్దెనిమిదేళ్లదాన్ని, తిట్లకి చచ్చిపోతానా?

భయమేసిందని చెప్పాను అందరికీ. చర్చిలో పాస్టరు జయపాల్ గారి ముందు మోకాళ్ల మీద కూర్చుని కూడా అదే చెప్పాను.

భయం కాదండీ. చల్లగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక అంత చల్లటి గాలి నా ఒంటికి తగల్లేదు. వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. ఇంకొక్క లెక్క అయ్యాక లేద్దాంలే అనుకున్నాను.

మీ మీద కసి ఎక్కడికీ పోలేదు, అది అలాగే ఉంది. కానీ వద్దని అనబోతుంటే మీరు ఆ మాట అనేశారు. ఇప్పుడేమనను?

రండి, పైకి రండి. తూలిపోతున్నారు. ఆ స్తంభం పట్టుకోండి.

రేపు పొద్దున్నే, ఎండెక్కకముందే తీసుకురండి ఆయన్ని. క్షమించాననుకోకండి. మీరెప్పుడూ క్షమాపణ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆ గదిలో చల్లగాలి మొదలుపెట్టి పది నెలలైంది, నేను ఒక్క పూట కూడా దాంట్లో కన్ను మూయలేకపోయాను. డాబా మీద వేడిలోనే పడుకుంటున్నాను.

పడుకోమనండి ఆయన్ని. హాయిగా నిద్ర పట్టిందంటే మాత్రం, దయచేసి నాతో చెప్పకండి.