సల్ల తాగొద్దన్న మాట

1941 ఎండాకాలం. నాలుగు నెలలుగా జిగట విరేచనాలతో చిక్కిపోయిన భార్య వనపర్తి దవాఖానకు ఒక్కతే పోయి, తిరిగొచ్చి బండి దిగింది. పెద్దమందడిలో తమ ఇంటి అరుగు మీద భర్త కూర్చొని ఉన్నాడు.

"డాక్టరు ఏమన్నడు?"

"సల్ల తాగుతున్నవా అని అడిగిండు. పేగులల్ల కంటికి కానరాని పురుగులుంటయంట. మంచియి తగ్గి చెడ్డయి పెరిగినయంట. పెరుగు చిలికిన పుల్లటి సల్లల మంచియి ఉంటయి, రోజుకు మూడు చెంబులు తాగాలె, మందుకు వచ్చిన నీ మొగనికి అప్పుడే చెప్పిన గద అన్నడు."

"యాది మర్సిన."

"సల్ల తాగితే సస్తవని డాక్టరు అన్నడంటివి. అది గూడ యాది మర్సేనా?"

"ఇంట్ల బర్రె లేకపాయె. ఏం జెయ్యాలె?"

"మా అమ్మ ఇచ్చిన బర్రె. అడివికి మేతకు తోలిన అంటివి. యాడుంది?"

"బిజినేపల్లిల. మా చెల్లెకు ఇచ్చిన. ఆమెకు పాలు పడలె. పసిగుడ్డు ఏడుస్తుంటే సూడలేకపోయిన."

"గామాట నాతోని అంటే నేనే తోలుకపొమ్మంటుంటి. పక్కింట్ల సల్ల అడిగి తాగుతుంటి."

"అడిగితే, నీ బర్రె ఏదని అందరు అడుగుతుండిరి. చెల్లెకు ఇచ్చిన సంగతి బయటపడుతుండె."

"గందుకు నన్ను సావనిస్తివా?"

"రేపే తోలుకొస్త."

"వద్దు. పసిగుడ్డు నోటికాడిది గుంజకు. నేనే బిజినేపల్లి పోత. పాలు బిడ్డకు, సల్ల నాకు."

"చెల్లె ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆమె ఇంట్లోకి పోలేదు. దిగిన బండే మళ్లీ ఎక్కింది.

"ఆగు, నేను గూడ వస్త. తొవ్వల నీకేమన్న అయితే?"

"నాలుగు నెలలు నీ పక్కనే ఉంటి. అప్పుడేం కాలేదా?"