జగదీశ్ అఫిడవిట్టు

2014 మార్చి నెలాఖరు, ఆదివారం. శంషాబాద్ పక్క ఊళ్ళో రేణుకమ్మ ఇంటి ముందు. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళ వివరాలు అచ్చువేసిన కాగితాలు పంచుతూ వచ్చింది కావేరి.

“ఇచ్చిపో మేడం, ఇంకో రెండియ్యి. మిర్పకాయలు ఎండపోస్తున్న, కింద పరుస్త.”

“పరవడానిక్కాదమ్మా, చదవడానికి. జెడ్పీటీసీకి పోటీ చేసేవాళ్ళు ప్రమాణం చేసి అఫిడవిట్లు ఇస్తారు కదా. అవి చూసి రాశాం. చదువు, ఆస్తి, కేసులు...”

“వాళ్ళిచ్చిందే రాసిన్రా? దొంగనే అడిగి, ఏమేం దొంగిలించినవని రాసుకున్నరా? మంచిగనే ఉంది మీ పని.”

“అబద్ధం రాస్తే శిక్ష ఉంటుందమ్మా.”

“ఎవరికి పడ్డది?”

“అంటే...”

“చెప్పు మేడం, ఇప్పటిదాంక ఎవరికి పడ్డది?”

“పడుతుందని చట్టంలో ఉంది.”

“చట్టంల మస్తుంటయి. ఏ ఊరు నీది? మాట ఆంధ్ర లెక్కుంది.”

“కాకినాడ. ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. స్కూల్లో టీచర్ని.”

“ఆయితారం పూట ఇంట్ల పండుకోక ఎండల ఈ తిరుగుడేంది? ఎవ్వడిస్తుండు పైసలు?”

“ఎవరూ ఇవ్వరమ్మా.”

“ఇస్తలేరా! ఇగ ఏం చెప్పాలె నీకు.”

“ఒక్కసారి చూడండి. ముగ్గురున్నారు. శివయ్య, దశరథం, జగదీశ్.”

“జగదీశా? ఏదీ? అగో, ఫోటో గతనిదే! కూసో మేడం, కూసో. కుర్సీ ఎండల ఉంది, ఇటు జరుపుకో. నాకు సన్నక్షరాలు కనపడయి, జర చదువు.”

“ఆయన మీకు తెలుసా?”

“తెల్వకేంది. మా బిడ్డ శోభను అడిగిన్రు. శుక్రారం పూలు పండ్లు పెట్టుకుంటున్నం. పిల్ల ఎయిర్‌పోర్టుల డ్యూటీకి పోయింది. నువ్వు చదువు.”

“అయ్యో, ఇది ఓటు కోసం వేసిందమ్మా, సంబంధాలు చూసుకోడానికి కాదు.”

“పిల్లనిచ్చేదాని కంటె ఎక్కువ ఎవరికి కావాలె గది? ఏం చదివిండు?”

“పదో తరగతి. తప్పాడు.”

“ఇంజినీరన్నడు!”

“ఇక్కడ పదే ఉందమ్మా.”

“ఇంజినీర్లతోటి తిరుగుతడు, ఆ గాలి సోకిందేమో. ఇల్లు?”

“సొంతిల్లు లేదని రాశాడు.”

“జల్‌పల్లిల రెండంతస్తులు చూపెట్టిండు మేడం! మెట్లెక్కి తిరిగొచ్చినం. వంటింట్ల గట్టు ఎత్తున్నది, శోభకు అందదంటె, కొట్టేసి కిందికి కట్టిపిస్తనన్నడు.”

“అదెవరి గట్టో మరి.”

“పెండ్లాం?”

“లేదని ఉంది.”

“అమ్మయ్య, గదొక్కటన్న నిజం చెప్పిండు. కేసులు?”

“రెండు. రావిర్యాల దగ్గర ఒకే ప్లాటు ముగ్గురికి అమ్మాడని ఒకటి.”

“ప్లాట్ల ధందా చేసేటోళ్ళకు గసొంటివి ఉంటయి. రెండోది?”

“రెండోది... పోనీయండి. శోభ వచ్చాక తనతో చదివించుకోండి.”

“ఇంతసేపు చదువు చదువుమని వెంటపడితివి, ఇప్పుడు పోనియ్యమంటవేంది? ఆడపిల్లల కేసా?”

“కాదమ్మా. దొంగ సంతకం పెట్టి ఎకరం పొలం అమ్ముకున్నాడని. కేసు పెట్టిందెవరో స్టేషన్‌కి వెళ్ళి అడిగి రాసుకొచ్చాం.”

“ఎవరు?”

“వాళ్ళమ్మ.”

“ఎవరమ్మ?”

“ఆయన కన్నతల్లే. రుక్కమ్మ గారు.”

“ఆమెనా! ఇల్లు చూడవోయిననాడు అడిగిన, మీ అమ్మ ఏది బిడ్డా అని. మోకాళ్ళ నొప్పులు, దవాఖానల ఉందన్నడు. పాపమని డజను బత్తాయిలు కొని చేతిల పెట్టిన. తీసుకున్నడు మేడం! రెండు చేతులతోటి తీసుకున్నడు. ఎవలకు పెట్టిండు ఆ పండ్లు?”

“కూర్చోండి, కాసిని మంచినీళ్ళు తాగండి.”

“నాకేమైంది, మంచిగున్న. ఇగ శుక్రారం లేదు, ఏం లేదు. పిల్లనియ్య. మొఖమ్మీదనే చెప్త.”

“మంచి పని. నిజం చెప్పనా రేణుకమ్మ గారూ, పది రోజుల నుంచి తిరుగుతున్నాను. నవ్వేవాళ్ళు, పొట్లం కట్టుకునేవాళ్ళే. ఒక్కరికైనా పనికొచ్చింది, చాలు నాకు. ఓటు కూడా ఇలాగే ఆలోచించి వేయండి.”

“ఆలోచన అయిపోయింది. ఓటు జగదీశ్‌కే.”

“అదేంటమ్మా! ఇప్పుడే కదా అన్నీ విన్నారు!”

“ఇన్నంకనే మేడం.”

“ఎవరికి వేశారో ఎవరికీ తెలీదు. ఓటు రహస్యం.”

“మా గల్లీలనా? బూతు కాడికెళ్ళి ఇంటికి రాకముందే చెప్తరు, ఎవరిది ఎవరికి పడ్డదో. నిన్నటిదాంక శివయ్యకే ఎయ్యాలనుకున్న. మంచోడు. జగదీశ్‌దేముంది, అల్లుడయ్యేటోడు, ఓటెయ్యకున్న నన్నేమంటడు అనుకున్న. ఇప్పుడు పిల్లను ఇస్తలేనాయె. కన్నతల్లినే ఇడిసిపెట్టనోడు, ఓటు సుత ఇయ్యకుంటె నన్ను బతకనిస్తడా?”