అద్దంలో చూడాల్సిన కార్డు

సభకు పెద్దగా కూర్చున్న ఫాదర్ కాష్పర్ గారికి, ముందు వరుసలో చేతికర్రల మీద గడ్డాలు ఆనించి కూర్చున్న పెద్దలకు, వెనక కాఫీ డ్రమ్ము దగ్గర నుంచి ఎంత పిలిచినా కదలని మిత్రులకు, అందరికీ నమస్కారం. డ్వేన్, ఆ కొలాచీ తీపిరొట్టెల పళ్ళెం మీద గుడ్డ కప్పెయ్యవయ్యా, నా మాటలు అయ్యేదాకా ముట్టకూడదని మీ ఆవిడే ఆర్డరు వేసింది. (నవ్వులు)

ఈ రోజు మన టోబిన్ క్రీక్ పోస్ట్‌కార్డు క్లబ్బు అధ్యక్షురాలు లోర్నా వ్ర్బ్కా గారు పదవి దిగిపోతున్నారు, రేపటి నుంచి ఆ కుర్చీ నాది, ఆ కుర్చీకి ఒక కాలు పొట్టిదని ఆవిడ నాకు ఇవాళ పొద్దున్నే చెప్పారు. ఇన్నాళ్ళూ ఊగుతూనే నవ్వుతూ కూర్చున్నారన్నమాట.

మా క్లబ్బు సంగతి తెలియని బంధువులు కొందరు వచ్చినట్టున్నారు, వాళ్ళ కోసం ఒక్క మాట. మేం పోగుచేసేవి అచ్చుయంత్రంలో వేలకు వేలు గుద్దిన కార్డులు కావు. మన తాతల కాలంలో ఊరి ఫోటోగ్రాఫరు గాజుపలక మీద బొమ్మ తీసి, దాన్నే నేరుగా పోస్ట్‌కార్డు కాగితం మీద ముద్రించేవాడే, అవి. భూతద్దం పెడితే అచ్చు చుక్కలు కనపడవు, మనిషి కనుబొమల వెంట్రుకలు కనపడతాయి. సగం కార్డుల మీద ఊరి పేరుండదు, మనిషి పేరుండదు. గొడుగు నీడ చూసి పొద్దెంతో, టోపీ చూసి ఏ ఏడో చెప్పుకుంటూ మేం పోట్లాడుకుంటాం. ఎంత పోట్లాడినా తేలని కార్డులు ‘అనాథల పెట్టె’లోకి వెళ్తాయి.

లోర్నా గారి భూతద్దం గురించి ఈ జిల్లాలో తెలియని వాళ్ళుండరు. సంతలో మంచి కార్డు కనపడితే ఆవిడ మొహంలో ఏమీ పైకి రానివ్వకుండా ఆవలించేవారు. కొన్నాళ్ళకి దుకాణాల వాళ్ళు కనిపెట్టేశారు, ఆవిడ నోరు తెరిస్తే చాలు, రేటు పెంచేసేవారు. పాపం, ఒకసారి నిజంగానే నిద్రొచ్చి ఆవలిస్తే అరిగిపోయిన ఈస్టర్ కుందేలు కార్డుకి గుర్రం ధర చెప్పారు. (నవ్వులు)

ఇప్పుడు చెప్పబోయేది చెప్పొద్దని ఆవిడ నాకు గట్టిగా చెప్పారు. “హార్లన్, నా గొప్పలు ఎన్నైనా చెప్పుకో, ఐవా సంగతి మాత్రం ఎత్తకు” అన్నారు. ఐవా గారు ఇక్కడే ఉన్నారు, ఆవిడ చెప్పమన్నారు, వయసులో ఆవిడే పెద్ద కాబట్టి ఆవిడ మాటే నాకు వేదం. అంతేనా పెద్దమ్మా? (ఐవా గారు చెయ్యి ఊపారు)

ఐవా గారు తండ్రి మొహం ఎరగరు. ఆయన స్టేషన్ సరుకు గుర్రపుబండిలో చేరవేసేవాడు, ఈవిడ పుట్టకముందే టైఫాయిడ్‌తో పోయాడు, తర్వాత ఇల్లు తగలబడి ఫోటోలన్నీ పోయాయి. వాళ్ళమ్మ చెప్పగా ఆవిడకి తెలిసిన గుర్తు ఒక్కటే, మొక్కజొన్న ఒలిచే యంత్రంలో పడి ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. చచ్చేలోగా ఆ మొహం ఒక్కసారి చూడాలని ఆవిడ మా ప్రతి సమావేశానికీ వచ్చి కూర్చునేవారు.

ఒకసారి ఈ ఊరి పాత కార్డుల కట్టలో ఒకటి దొరికింది. బండి పక్కన గుర్రాల కళ్ళెం పట్టుకున్న కుర్రాడు, చేతికి రెండు వేళ్ళు లేవు! ఐవా గారు లేచి నిలబడ్డారు. లోర్నా గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, “లేనివి కుడి చేతి వేళ్ళు. ఈయన కాదమ్మా” అన్నారు. మేమందరం తలలూపాం, బొమ్మ అబద్ధం చెప్పదని మా నమ్మకం. ఐవా గారు “సరేలే తల్లీ” అని సంచీ తీసుకుని వెళ్ళిపోయారు, మళ్ళీ సమావేశానికి రాలేదు. కార్డు అనాథల పెట్టెలోకి వెళ్ళింది. నీళ్ళు ఇవ్వండయ్యా ఎవరైనా.

పోయిన చలికాలం లోర్నా గారు మంచు తొయ్యడానికి బయటికి వెళ్తూ, కాలం చేసిన తన భర్త మిలోష్ కోటు తొడుక్కున్నారు. గుండీలు పెట్టుకోబోతే చెయ్యి తప్పు వైపుకి పోయింది. మగవాళ్ళ కోటుకి గుండీలు కుడివైపు, ఆడవాళ్ళ కోటుకి ఎడమవైపు కదా! అలాగే మంచులో నిలబడిపోయి, పార అక్కడే పారేసి లోపలికి పరుగెత్తి, పెట్టె తెరిచి చూస్తే ఏముంది, కార్డులో కుర్రాడి కోటు ఆడదాని కోటులా మూసుకుని ఉంది. ఫోటోగ్రాఫరు మహానుభావుడు గాజుపలక తిరగేసి పెట్టి ముద్రించేశాడు, కుడి ఎడమైపోయింది. బండి మీద ఒక్క అక్షరమున్నా అది తిరగబడి కనపడి, ఆ రోజే దొరికిపోయేవాడు.

నాకు ఫోన్ చేసి “బండి తియ్యి” అన్నారు. “రోడ్డంతా గడ్డకట్టి ఉంది, రేపు పోదాం” అన్నాను. “ఆవిడ రేపటిదాకా ఉంటుందని నువ్వు రాసిస్తావా? కాదని నోటితో చెప్పినదాన్ని నేను. అవునని కూడా నేనే చెప్పాలి, ఇవాళే చెప్పాలి” అని గదమాయించారు. దారిపొడుగునా చేతి అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నారు. లోర్నా గారూ, తల దించుకోకండి. నాకు మీరంటే ఎంత గౌరవమో ఆ రోజే తెలిసింది.

వృద్ధాశ్రమంలో ఐవా గారి మంచం పక్కన కూర్చుని, “తప్పు నాది పెద్దమ్మా” అని, కార్డుని అద్దానికి ఎదురుగా పట్టారు. లేని వేళ్ళు ఎడమ చేతికి వచ్చాయి.

ఐవా గారు ఏడవలేదు. “ఓసి, ఎంత చిన్నవాడే! మా మనవడి కన్నా చిన్నవాడు” అన్నారు. తర్వాత భూతద్దం అడిగి తీసుకుని, కార్డు మీదకి వంగి, మేమెవరం పట్టించుకోని చోట వేలు పెట్టారు. “కోటు కింది గుండీ ఊడిపోయింది చూడు. నేను కడుపులో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ మంచం దిగలేదు. కుట్టే దిక్కు లేక అలాగే తిరిగాడు పిచ్చి తండ్రి.” లోర్నా గారి చెయ్యి పట్టుకుని అన్నారు, “అయితే ఈ బొమ్మ తీసేనాటికి నేనున్నానే.”

లోర్నా గారూ, మీకు మా అందరి ధన్యవాదాలు. ఫాదర్ గారికి, వంట చేసిన వాళ్ళకి, ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ కూడా. ఇక సెలవిప్పించండి.