ఎడమపక్క చదరం

అదిగో, మళ్ళీ అదే మాట! కెమెరా బాగానే ఉందట. బాగానే ఉంటే, పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా నేనెందుకు కూర్చుంటాను మాస్టారూ? ఇది చూడండి. నిన్న మా వంటింట్లో తీశాను. కెటిల్‌కి గురిపెడితే పక్కన గోడమీద స్విచ్చు పడింది స్పష్టంగా! కెటిల్ మసక. మీరు చెప్పినట్టే షట్టర్ స్పీడు పెంచాను. మోచేతులు పొట్టకి ఆనించాను. ఊపిరి కూడా బిగబట్టాను. ఇంకేం చెయ్యమంటారు?

ఏమిటా నవ్వు?

సరే, ఉన్నమాట చెప్పేస్తాను. నాకు ఫోటోల మీద మోజేమీ లేదు. చేరేటప్పుడు మీతో సరదా కోసం నేర్చుకుంటానన్నాను చూడండి, అది అబద్ధం. ఫోటోలో ఎవరు స్పష్టంగా పడాలో కెమెరా తనంతట తాను తేలుస్తుందా, తీసే మనిషి తేలుస్తాడా? ఆ ఒక్క ముక్క తెలుసుకుందామనే వచ్చాను.

ఎందుకంటారా? ఇది మా ఆయన కెమెరా. పోయిన నెల మా బావగారి అబ్బాయి పుట్టినరోజయింది. ఆయన నావి పదకొండు ఫోటోలు తీశారు. పదకొండింటిలోనూ నా మొహం మసకే! ఫోటోలో నాకు ఎడంపక్కన, కాస్త వెనగ్గా మా తోడికోడలి చెల్లెలు. నర్సు. ఉద్యోగం కోసం మా ఇంట్లోనే ఉండేదిలెండి. ఆ పిల్ల కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు మాస్టారూ! ఒక ఫోటో అయితే పొరపాటు. రెండయితే చెయ్యి కదిలిందనుకుంటాం. పదకొండా? మీ ఆవిడయితే ఊరుకుంటుందా?

ఇక ఆ మర్నాటినుంచీ నా కళ్ళు ఊరుకుంటాయా? ఆ పిల్ల డ్యూటీ నుంచి వస్తే ఈయన టీవీ సౌండు ఎందుకు తగ్గించాలీ అంట? అలిసిపోయి వచ్చింది, పడుకోనీ పాపం అంటారు. పాపమట!

మూడోరోజు పాఠంలో మీరేమన్నారు? తెర మీద చిన్న ఎర్ర చదరం ఉంటుంది, అది ఎవరి మీద ఉంటే వాళ్ళే స్పష్టంగా పడతారు, మనిషి జరిపితే తప్ప జరగదు అన్నారు. అన్నారా లేదా? దొరికాడు మహానుభావుడు అనుకున్నాను.

అందులో ఏం వెతుకుతున్నారు? పాతవా? ఆ, అది పుట్టినరోజు పొద్దున. కిటికీ దగ్గర జడ వేసుకుంటుంటే చెప్పాపెట్టకుండా తీశారు. చూశారా, ఇందులోనూ నేను మసకే! ఆ పిల్ల ఏదీ... లేదు. అవును, గదిలో నేనొక్కదాన్నే. మరి స్పష్టంగా పడిందేమిటి? కిటికీ గడియా?

ముందురోజు మధ్యాహ్నం వాటిలో నా మొహం బాగానే ఉందా? ఏదీ, చూపించండి.

అయితే ఆ సాయంత్రం ఎవరో చదరం జరిపారంటారు. ఎవరు జరుపుతారండీ? అప్పట్లో ఆయన తప్ప ఇంకెవరూ దీన్ని ముట్టుకునేవారు కాదు. నేనెందుకు...

ఆగండి.

ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళారు. ఇందులో ఎవరెవరి ఫోటోలున్నాయో చూద్దామని సంచిలోంచి తీశాను. అప్పటికే ఆ పిల్ల విషయంలో నాకు... అనుమానమేలెండి. ఇంతలో స్నానాలగది తలుపు చప్పుడైంది. కంగారులో చేతికందిన మీటలన్నీ నొక్కేశాను. ఫోటో పోయి, తెర మీద ఎర్రగా ఏదో కనిపించింది. బాణం గుర్తు నొక్కినకొద్దీ ఎడంపక్కకి జరిగింది. ఎలాగో ఆపేసి సంచిలో పడేశాను.

మీ పాఠం విన్నప్పుడు గుర్తు రాలేదా అంటారా? రాలేదండీ. ఏమో... నేనే రానివ్వలేదేమో.

ఆరోజు ఇంటికెళ్ళి ఏం చేశానో తెలుసా? ఆ పదకొండూ మా తోడికోడలికి చూపించాను. "అక్కా, నీ చెల్లెల్ని పంపించెయ్యి, లేకపోతే ఇంటి పరువు పోతుంది" అన్నాను. ఆ పిల్ల యూనిఫారాలు మడతపెట్టుకుని హాస్టలుకి వెళ్ళిపోయింది. అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఈయనకి ఇవేవీ తెలీవు. ఎందుకు వెళ్ళిందంటే, ఆసుపత్రి దగ్గరవుతుందట అని చెప్పాను. పైగా ఆయన, ఈమధ్య నీ ఫోటోలు కుదరట్లేదే, నా చూపు మందగించింది అనుకుంటూ కళ్ళజోడు మార్చుకున్నారు. అయినా కుదరట్లేదని బెంగ పెట్టుకున్నారు.

నేను చేసింది తప్పే మాస్టారూ. ఘోరమైన తప్పే. వెళ్ళి చెప్పేస్తే ఆ పిల్ల రేపే ఇంటికొస్తుంది. ఆ సంగతి నాకు తెలీదా?

అయ్యో, వద్దు వద్దు! ఆ చదరాన్ని మధ్యలోకి జరపకండి! బాగైతే, మా ఆయన ఎలా బాగైందంటారు. అసలు ఎవరు పాడుచేశారని ఆరా తీస్తారు. ఆయన సంగతి మీకు తెలీదు.

అక్కడే ఉండనివ్వండి. నేను మసగ్గానే పడతాను. ఏం, కొంపలేం మునగవులెండి.